స్వేచ్ఛాన్వేషి జిడ్డు కృష్ణమూర్తి

తల్లిదండ్రుల తరువాత గురువునే దైవంగా భావించే సంప్రదాయం మనది. మఠాలు, పీఠాలు, ఆశ్రమాలు తరతరాలుగా ఈ దేశ ప్రజల ఆధ్యాత్మిక జీవితాన్ని తీర్చిదిద్దుతూ వచ్చాయి. సత్యాన్ని వెదికేవాడికి ముందుగా ఒక గురువు, ఆ గురువు వెనుక ఒక సంస్థ, ఆ సంస్థకు కొన్ని నియమాలు తప్పనిసరి అని ఎక్కువ మంది నమ్మకం. ఈ నమ్మకాన్ని ప్రశ్నించినవారు కూడా మన గడ్డమీద లేకపోలేదు. వేషధారులైన గురువులను నిలదీసిన వేమన తిరుగాడిన రాయలసీమలోనే, ఆయన తరువాత కొన్ని శతాబ్దాలకు, ఆ ప్రశ్నను ప్రపంచం ముందుంచిన మరొక మహనీయుడు జన్మించాడు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి. గురుపీఠం దొరకనివారు దానిని విమర్శించడం వింత కాదు. ఆయన మాత్రం ప్రపంచమంతటా విస్తరించిన ఒక సంస్థకు అధిపతిగా ఉండి, వేలాది శిష్యుల ఎదుట ఆ సంస్థను తానే రద్దు చేశారు. అందువల్లనే ఆయన జీవితం మనం తెలుసుకోదగినది.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ భక్తురాలు. పుట్టబోయే బిడ్డ విశిష్టుడన్న భావనతో ఆమె ఆచారానికి విరుద్ధంగా పూజగదిలోనే ప్రసవించిందని జీవితచరిత్రకారులు రాశారు. ఎనిమిదవ సంతానం కావడం వల్ల, దేవకీదేవి అష్టమ గర్భాన పుట్టిన శ్రీకృష్ణుని పేరే ఆ బిడ్డకు పెట్టారు.

తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబం కొంతకాలానికి కడపకు చేరింది. ఆ రోజులలో ఆ ప్రాంతంలో మలేరియా ఎక్కువ. కృష్ణమూర్తి తరచుగా జ్వరంతో మంచం పట్టేవాడు. చదువు సరిగా సాగేది కాదు. పరధ్యానంగా ఉండే ఆ బాలుణ్ణి ఉపాధ్యాయులు మందమతిగా భావించి శిక్షించేవారు. ఆకాశంలో మబ్బులను, చెట్టు మీది చీమలను గంటల తరబడి చూస్తూ కూర్చోవడం అతనికి ఇష్టం. 1905లో తల్లి మరణించింది. అప్పటికి కృష్ణమూర్తికి పదేళ్ళు. అతనికీ తమ్ముడు నిత్యానందకూ మధ్య ఉన్న అనుబంధం తల్లి మరణం తరువాత మరింత బలపడింది.

నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఆ సమాజాన్ని 1875లో న్యూయార్క్ నగరంలో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ తదితరులు స్థాపించారు. తరువాత దాని ప్రధాన కేంద్రం మద్రాసు సమీపంలోని అడయారుకు మారింది. అన్ని మతాల సారాన్ని అధ్యయనం చేయాలని, జాతి మత భేదాలు లేని సోదరభావాన్ని పెంపొందించాలని ఆ సమాజం ఆశయం. 1907లో డాక్టర్ అనీబిసెంట్ దానికి అధ్యక్షురాలయ్యారు. పదవీ విరమణ చేసిన నారాయణయ్య ఆ సమాజంలో పని చేయడానికి అంగీకారం పొంది, 1909 జనవరిలో కుమారులతో అడయారు చేరుకున్నారు. సమాజ ప్రాంగణం వెలుపల ఒక పాత ఇంట్లో వారికి బస ఏర్పడింది.

ఆ సంవత్సరమే కృష్ణమూర్తి జీవితం ఊహించని మలుపు తిరిగింది. సమాజ నాయకులలో ఒకరైన లెడ్‌బీటర్ ఒకనాడు అడయారు సముద్రతీరంలో ఈ బాలుణ్ణి చూశారు. బక్కపలచని శరీరం, దిగులు ముఖం, చదువులో వెనుకబాటు. చూసేవారికి అతనిలో ఏ ప్రత్యేకతా కనిపించేది కాదు. అయితే లెడ్‌బీటర్‌కు మాత్రం ఆ బాలునిలో స్వార్థం లేశమైనా లేని తేజస్సు గోచరించిందట. త్వరలో ఒక జగద్గురువు భూమి మీద అవతరిస్తాడనీ, ఆయన ఈ బాలుని శరీరాన్ని వాహికగా చేసుకుంటాడనీ ఆయన ప్రకటించారు. అనీబిసెంట్ ఆ మాటను విశ్వసించారు.

అప్పటి నుండి అన్నదమ్ములిద్దరూ సమాజ నాయకుల సంరక్షణలోకి వెళ్ళారు. వారి ఆహారం, వేషభాషలు, చదువు అన్నీ మారాయి. పాశ్చాత్య పద్ధతిలో వారిని పెంచసాగారు. ఇంగ్లీషులో చదువు సాగుతున్న కొద్దీ కృష్ణమూర్తి మాతృభాషయైన తెలుగుకు దూరమై, కాలక్రమంలో దానిని మరచిపోయారు. 1910లో గురువు పాదసన్నిధిని గురించిన ఒక చిన్న పుస్తకం ఆయన పేరిట వెలువడి అనేక భాషలలోకి అనువాదమైంది. 1911లో ఆ రాబోయే జగద్గురువుకు స్వాగతం పలకడానికి ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ అనే నక్షత్ర సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు కృష్ణమూర్తి. అప్పటికి ఆయనకు నిండా పదహారేళ్ళు కూడా లేవు!

కుమారులు తనకు దూరమవుతున్నారన్న ఆవేదన నారాయణయ్యను కలచివేసింది. 1910లో ఆయనే పిల్లల సంరక్షణను అనీబిసెంట్‌కు రాసి ఇచ్చారు. కాని తరువాత లెడ్‌బీటర్ సాంగత్యం పిల్లలకు మంచిది కాదని భావించి, వారిని తిరిగి అప్పగించవలసిందిగా 1912లో న్యాయస్థానంలో వ్యాజ్యం వేశారు. 1913లో తీర్పు తండ్రికి అనుకూలంగా వచ్చింది. అనీబిసెంట్ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళారు. పిల్లల అభీష్టం ఏమిటో విచారించలేదన్న అంశాన్ని పరిగణించి, 1914లో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును తోసిపుచ్చింది. ఒక తండ్రి హక్కుకూ ఒక మహాసంస్థ ఆశయానికీ మధ్య నడిచిన ఆ పోరాటంలో ఆ యువకుడు ఎంత నలిగిపోయి ఉంటాడో ఊహించవచ్చు.

ఇంగ్లండులో అన్నదమ్ముల చదువు సాగింది. నిత్యానంద పరీక్షలలో ఉత్తీర్ణుడై న్యాయవాద విద్య పూర్తి చేశాడు. కృష్ణమూర్తి మాత్రం విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలలో పలుమార్లు విఫలులయ్యారు. ఒకవైపు తనను అవతార పురుషునిగా కొలిచే భక్తులు, మరొకవైపు మామూలు పరీక్ష కూడా గట్టెక్కలేని నిస్సహాయత. ఈ రెండింటి నడుమ ఆయన తనను తాను ప్రశ్నించుకోవడం ఆరంభించారు.

నిత్యానందకు క్షయవ్యాధి సోకింది. మంచి వాతావరణం కోసం 1922లో సోదరులిద్దరూ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్న ఓహాయ్ లోయకు వెళ్ళారు. ఆ ఆగస్టులో అక్కడ ఒక చెట్టు క్రింద కృష్ణమూర్తికి గాఢమైన ఆధ్యాత్మిక అనుభూతి కలిగింది. ఆ అనుభూతి ఆయనకు ఎంతో శాంతిని ప్రసాదించింది. ఆ తరువాత చాలాకాలం తీవ్రమైన శారీరక బాధను కూడా ఆయన అనుభవించారు.

1925లో ఆయన జీవితంలో అతి పెద్ద విషాదం సంభవించింది. దివ్యజ్ఞాన సమాజ స్వర్ణోత్సవాలలో పాల్గొనడానికి కృష్ణమూర్తి ఓడలో భారతదేశానికి బయలుదేరారు. నిత్యానంద ఓహాయ్‌లో తీవ్ర అనారోగ్యంతో ఉన్నాడు. మహత్ముల అనుగ్రహం ఉన్నందువల్ల తమ్మునికి ప్రాణభయం లేదన్న నమ్మకం కృష్ణమూర్తికి బలంగా ఉండేది. సమాజ పెద్దలు కూడా అదే భావనలో ఉన్నారు. నవంబరు 13న నిత్యానంద మరణించాడు. ఓడ సూయజ్ కాలువలో ప్రవేశిస్తుండగా ఆ వార్త తంతి ద్వారా అందింది. కృష్ణమూర్తి ఎన్నో రోజులు విలపించారు. మరణించినది తమ్ముడొక్కడే కాదు. పెద్దలు చెప్పినదంతా నిజమన్న భరోసా కూడా ఆనాడు కూలిపోయింది. అయితే ఆయన ఆ దుఃఖాన్ని మరొక నమ్మకంతో కప్పిపుచ్చుకోలేదు. దుఃఖం అంటే ఏమిటి, మనిషి ఎందుకు ఓదార్పు కోసం తపిస్తాడు, ఆ తపనను ఆసరాగా చేసుకుని నమ్మకాలు ఎలా పుట్టుకొస్తాయి అని లోతుగా పరిశీలించసాగారు.

అదే సమయంలో నక్షత్ర సంఘం వైభవం రోజురోజుకూ పెరుగుతూ ఉంది. అనేక దేశాలలో దానికి శాఖలు ఏర్పడ్డాయి. హాలెండులోని ఒమ్మెన్ అనే చోట ఒక జమీందారు తన పురాతన సౌధాన్ని, దాని చుట్టూ ఉన్న విశాలమైన భూములను సంఘ కార్యక్రమాల కోసం సమర్పించాడు. అక్కడ ఏటా శిబిరాలు జరిగేవి. జగద్గురువుకు కాబోయే పన్నిద్దరు ముఖ్య శిష్యులలో కొందరి పేర్లు కూడా 1925లో ప్రకటించారు. సభ్యులలో ఎవరు ఆధ్యాత్మికంగా ఎన్ని మెట్లు ఎక్కారో నిర్ణయించి చెప్పేవారు తయారయ్యారు. పై మెట్టు మీద ఉన్నామని పొంగిపోయేవారు, క్రింది మెట్టులోనే ఉండిపోయామని కుంగిపోయేవారు కనిపించసాగారు. సోదరభావం కోసం మొదలైన చోట హెచ్చుతగ్గులు, సత్యం కోసం చేరినవారిలో పదవుల ఆశ! కృష్ణమూర్తి వీటన్నింటిని మౌనంగా గమనించారు. 1927 నుండి ఆయన ప్రసంగాల ధోరణి స్పష్టంగా మారింది. జగద్గురువు వచ్చాడని అనీబిసెంట్ ప్రపంచానికి ప్రకటిస్తూ ఉండగా, ఆయన మాత్రం ఎవరి మీదా ఆధారపడవద్దని శ్రోతలకు చెప్పసాగారు.

1929 ఆగస్టు 3వ తేదీ ఉదయం ఒమ్మెన్ శిబిరంలో మూడు వేల మందికి పైగా సభ్యులు సమావేశమయ్యారు. అనీబిసెంట్ కూడా అక్కడే ఉన్నారు. అప్పటికి ముప్పైనాలుగేళ్ళ వయస్సున్న కృష్ణమూర్తి లేచి, పద్దెనిమిదేళ్ళుగా తాను అధ్యక్షుడుగా ఉన్న సంఘాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు.

ఆ నిర్ణయానికి ఆయన చూపిన కారణాలు ఆలోచింపదగినవి. సత్యానికి రాజమార్గమంటూ ఒకటి ముందుగా వేసి ఉండదు. అందువల్ల ఏ మతమూ, ఏ శాఖా మనిషిని చేయిపట్టి అక్కడికి చేర్చలేదు. అవధులు లేని సత్యాన్ని నియమావళిలో బిగిస్తే అది ఘనీభవించి ఒక మతశాఖగా మిగులుతుంది. మనుష్యులు సంస్థను ఊతకర్రగా చేసుకుంటే వారి కాళ్ళలో బలం పెరగదు. ఒకరిని అనుసరించడం మొదలుపెట్టిన క్షణం నుండి మనిషి స్వయంగా చూడడం మానేస్తాడు. ఇదీ స్థూలంగా ఆయన భావం. తనకు శిష్యులు అక్కరలేదనీ, మనిషిని అన్ని భయాల నుండి, అన్ని బంధాల నుండి విముక్తుణ్ణి చేయడమే తన ధ్యేయమనీ ఆయన తెలియజేశారు.

మాటలతో సరిపెట్టక, ఒమ్మెన్ సౌధాన్ని, భూములలో అధిక భాగాన్ని దాతకు తిరిగి అప్పగించే ఏర్పాటు చేశారు. 1930లో దివ్యజ్ఞాన సమాజ సభ్యత్వాన్ని కూడా వదులుకున్నారు.

ఈ త్యాగాన్ని అందరూ హర్షించలేదు. ఏళ్ళ తరబడి ధనాన్ని, శ్రమను, ఆశలను ధారపోసిన సభ్యులు నిర్ఘాంతపోయారు. కొందరు కన్నీరు పెట్టుకున్నారు. జగద్గురువు రాక దారి తప్పిందని లెడ్‌బీటర్ భావించారు. తనను పెంచి పెద్దచేసి, చదువు చెప్పించి, వేదిక కల్పించిన సంస్థనే కృష్ణమూర్తి కాదన్నారని నిందించినవారూ ఉన్నారు. ఆ నిందలో కొంత న్యాయం లేకపోలేదు. ఆ సమాజమే లేకపోతే కడప వీధులలో జ్వరంతో తిరిగిన బాలుని మాట ప్రపంచానికి వినిపించేది కాదేమో! ఆ ఋణం ఆయనకు తెలియనిది కాదు. అనీబిసెంట్‌ను ఆయన అమ్మ అనే పిలిచేవారు. 1933లో ఆమె మరణించేవరకు ఆమె పట్ల ఆయన ప్రేమ తగ్గలేదు. ఆమెకు కూడా ఆయన మీద వాత్సల్యం చెదరలేదు. అయితే కృతజ్ఞత కోసం అసత్యాన్ని అంగీకరించడం ఆయనకు సాధ్యపడలేదు. ప్రేమించిన తల్లి వంటి వ్యక్తి ఎదుటనే ఆమె జీవితాశయాన్ని కాదనవలసి రావడం ఆ నిర్ణయంలోని అసలైన కాఠిన్యం.

పీఠం వదిలిన తరువాత ఆయన ఏ అడవికో వెళ్ళి తపస్సు చేసుకోలేదు. సుమారు అర్ధశతాబ్దికి పైగా అమెరికా, ఐరోపా, భారతదేశాలలో పర్యటిస్తూ ప్రజలతో సంభాషించారు. భారతదేశంలో మద్రాసు, బొంబాయి, వారణాసి, ఋషివ్యాలీలలో ఆయన ప్రసంగాలు జరిగేవి. స్విట్జర్లాండులోని సానెన్‌లో 1961 నుండి 1985 వరకు ప్రతి వేసవిలోను వేలాది మంది ఆయన మాటలు వినడానికి చేరేవారు. ఆ సభలలో మంత్రదీక్షలు లేవు, పాదపూజలు లేవు. ఒక మామూలు కుర్చీలో నిటారుగా కూర్చుని, ఇద్దరు మిత్రులు ఒక సమస్యను కలిసి పరిశీలిస్తున్న రీతిలో ఆయన మాట్లాడేవారు. భయం, అసూయ, కోరిక, హింస మన మనస్సులో ఎలా కదులుతాయో, మెచ్చుకోకుండా తిట్టుకోకుండా చూడమనేవారు. తాను చెప్పినదాన్ని కూడా పరీక్షించకుండా అంగీకరించవద్దని హెచ్చరించేవారు. భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో ఆయన జరిపిన సంభాషణలు పుస్తకరూపంలో వెలువడి పండితులను ఆకర్షించాయి. 1954లో వచ్చిన ఆయన గ్రంథానికి సుప్రసిద్ధ రచయిత ఆల్డస్ హక్స్‌లీ పీఠిక రాశారు.

విద్య పట్ల కృష్ణమూర్తికి ప్రత్యేకమైన శ్రద్ధ ఉండేది. చిన్ననాడు బడిలో తిన్న దెబ్బలు ఆయనకు పోలికలోని క్రూరత్వాన్ని నేర్పి ఉండవచ్చు. ఒక విద్యార్థిని మరొకరితో పోల్చడం, శిక్షతో, బహుమానంతో చదివించడం మనస్సులో భయాన్ని పెంచుతాయని ఆయన అభిప్రాయం. ఆయన పుట్టిన మదనపల్లెకు సమీపంలో, కొండల నడుమ, విశాలమైన మర్రిచెట్టు గల లోయలో ఋషివ్యాలీ పాఠశాల వెలసింది. వారణాసిలోని రాజఘాట్‌లోను, 1969లో ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్క్‌లోను, 1975లో ఓహాయ్‌లోను ఆయన భావాల వెలుగులో పాఠశాలలు నడిచాయి. ఋషివ్యాలీలోని గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుప్రక్కల పల్లెల బాలలకు విద్యనందించడంలో ఎంతో కృషి చేసింది.

ఇక్కడ ఒక సందేహం సహజంగా కలుగుతుంది. సంస్థలు వద్దన్న వ్యక్తి పాఠశాలలను, వాటిని నడపడానికి ఫౌండేషన్లను ఎందుకు ఏర్పాటు చేశారు? ఈ ప్రశ్నను ఆయన జీవించి ఉన్నప్పుడే పలువురు వేశారు. బడి నడపాలంటే భవనం కావాలి, వంటశాల కావాలి, లెక్కలు చూసేవారు కావాలి. పుస్తకం అచ్చు వేయాలంటే ముద్రణకు ఏర్పాటు కావాలి. ఉత్తరాలు చేరవేయడానికి తపాలా శాఖ అవసరమైనట్లే ఇటువంటి పనులకు సంస్థలు అవసరం. అయితే ఆ తపాలా శాఖ ఉత్తరంలో ఏమి రాయాలో నిర్ణయించకూడదు. కృష్ణమూర్తి పాటించిన భేదం ఇటువంటిదే. పనిని నిర్వహించే సంస్థను ఆయన అంగీకరించారు. మనిషి అంతరంగం మీద అధికారం చెలాయించే సంస్థను నిరాకరించారు.

ఈ భేదాన్ని ఆచరణలో నిలుపుకోవడం అంత సులభం కాదు. ఆయన రచనల ప్రచురణకై ఏర్పడిన ఒక సంస్థ నిర్వహణ విషయంలోనే తీవ్రమైన అభిప్రాయభేదాలు తలెత్తాయి. 1968లో ఆయన దానితో సంబంధం తెంచుకున్నారు. ఆ వివాదం న్యాయస్థానానికి ఎక్కి, 1974లో గాని పరిష్కారం కాలేదు. గురువు వద్దన్న ఆయననే గురువుగా భావించి ఏళ్ళ తరబడి వెంట తిరిగినవారు కూడా చాలామంది ఉన్నారు. మనిషిలో ఆసరా కోసం ఉండే తపన ఎంత బలమైనదో ఈ సంఘటనలు తెలుపుతాయి.

అనీబిసెంట్ అనంతరం అడయారు ప్రాంగణానికి, ఆయనకు మధ్య దూరం పెరిగింది. మద్రాసుకు వచ్చినపుడు ఆయన అడయారు నదికి ఆవలి ఒడ్డున ఉన్న వసంత విహార్‌లో బస చేసేవారు. 1980లో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలైన రాధా బర్నియర్ ఆహ్వానంపై, నాలుగు దశాబ్దాలకు పైగా గడిచిన తరువాత, ఆయన మళ్ళీ ఆ ప్రాంగణంలో అడుగుపెట్టారు. తాను బాలుడుగా తిరిగిన దారులలో నడిచి సముద్రతీరానికి వెళ్ళారు. సంస్థను విడిచినా, అందులోని మనుష్యుల మీద ఆయనకు ద్వేషం లేదని ఆ సంఘటన చాటింది.

1985లో ఐక్యరాజ్యసమితిలో ఆయన శాంతిని గురించి ప్రసంగించారు. 1986 జనవరి 4న మద్రాసులోని వసంత విహార్‌లో ఆయన చివరి బహిరంగ ప్రసంగం జరిగింది. అప్పటికే క్యాన్సర్ ఆయన శరీరాన్ని కృశింపజేసింది. ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో, తొంభైయేళ్ళ వయస్సులో, ఆయన కన్నుమూశారు. తన పేరు మీద ఎవరూ వారసులుగాను, వ్యాఖ్యాతలుగాను అధికారం చలాయించరాదని ఆయన ముందే స్పష్టం చేశారు. తన మాటలను వక్రీకరించకుండా భద్రపరచడం, పాఠశాలలను నడపడం మాత్రమే ఫౌండేషన్ల కర్తవ్యమని నిర్దేశించారు.

సత్యాన్వేషణలో మత సంస్థలకు స్థానం ఉన్నదా, లేదా అన్న ప్రశ్నకు లోకంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. సంస్థలు లేకపోతే గ్రంథాలు నిలిచేవి కావు, సేవాకార్యాలు సాగేవి కావు, ఒంటరివానికి తోడు దొరికేది కాదు అని చెప్పేవారి మాటను కొట్టిపారవేయలేము. కృష్ణమూర్తి జీవితం మాత్రం ఒక విషయాన్ని మనకు గుర్తుచేస్తుంది. దీపాన్ని మరొకరు అందించవచ్చును గాని, ఆ వెలుగులో చూడవలసిన కన్ను మనదే కావాలి. దైవసమానుడని కీర్తించిన వేలాది కంఠాలు ఒకవైపు, తన అంతరాత్మ ఒకవైపు ఉన్నప్పుడు మదనపల్లె బిడ్డ అంతరాత్మ వైపే నిలిచాడు. చదివినదాన్ని, విన్నదాన్ని స్వయంగా పరిశీలించి తెలుసుకోవాలన్న పట్టుదల అలవరచుకోవడమే ఆయనకు విద్యార్థులు అర్పించగల నిజమైన నివాళి.